నాలుగో రేకు

దీవెనమ్మ ఆడిన మాట తప్పే మనిషి కాదు. వస్తానంటే జోరున వాన కురుస్తున్నా వచ్చేది. ఇవ్వనంటే పాస్టరుగారు వచ్చి అడిగినా ఇచ్చేది కాదు. నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళలో ఎవరిని కదిపినా ఈ ముక్కే చెబుతారు, చెప్పి ఓసారి నిట్టూరుస్తారు. ఎందుకంటే ఆవిడ ఒక ఆదివారం నిండు సంఘంలో లేచి నిలబడి, "ఇవాళ్టి నుంచి నా నోట వాడి పేరు రాదు" అనేసింది. వాడంటే ఎవరో కాదు, కన్నకొడుకు తిమోతి. ఆ తరువాత ఆవిడ ఇరవై రెండేళ్ళు బతికింది. ఒక్కసారంటే ఒక్కసారి ఆ పేరు ఆవిడ నోటివెంట ఎవరూ వినలేదు.

కోపానికి కారణం లేకపోలేదు. పెద్దది విమల పుట్టాక ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. ఈసారి బిడ్డ దక్కితే దేవుడి పనికే ఇచ్చేస్తానని మొక్కుకుంది. తిమోతి దక్కాడు. వాడికి ఇరవై నిండగానే పాస్టరు చదువుకి పంపింది. రెండో ఏడు సగంలో వాడు పెట్టె సర్దుకుని వచ్చేసి, "నాకు ప్రసంగం రాదమ్మా, ఇంజనొచ్చు" అని గోదారి గట్టున పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో చేరిపోయాడు. దేవుడికిచ్చిన మాట కాస్తా పోయింది. దీవెనమ్మ తన మాటైనా పోకుండా పట్టుకుంది.

ఈ కథంతా కెజియా చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగింది. ఆవిడ విమల కూతురు, దీవెనమ్మకి ఒక్కగానొక్క మనవరాలు. ఇప్పుడు విశాఖపట్నంలో ఓ పరిశోధనశాలలో పాత నూలు గుడ్డల మీద పనిచేస్తోంది. మూడేళ్ళు తిప్పలు పడి ఆవిడ ఓ యంత్రం తయారుచేసింది. దానికి కాగితాల మీద గజం పొడుగు పేరుంది గానీ, శాలలో అందరూ దాన్ని రాట్నం అనేవారు.

అసలు ఆ ఆలోచన పుట్టడానికి కారణం తిమోతి మావయ్యే. చిన్నతనంలో తల్లి లేసు అల్లుతుంటే దారపుండ దొర్లిపోకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆయన పని. "అమ్మ లోలోపల ప్రార్థన చేసుకుంటే నా వేలికి తెలిసేదమ్మాయ్, దారం జిల్లుమనేది" అని కెజియాకి ఓసారి చెప్పాడు. ఎనిమిదేళ్ళ పిల్ల ఆ మాటని బుర్రలో దాచుకుంది. మాట్లాడుతున్నప్పుడు గొంతులో పుట్టే అదురు ఎముకల్లోంచి వేలికి, వేలి మీద బిగుతుగా సాగే దారానికీ వస్తుంది. అదే క్షణంలో లేసు సూది కొక్కెం ఆ దారాన్ని లాగి కుట్టులో బిగించేస్తుంది. అదురు కాస్తా పీచులో మెలికగా మిగిలిపోతుంది. ఆ మెలికల్ని చదివి మళ్ళీ మాటగా వినిపించడమే రాట్నం పని.

మొదటిసారి దాని మీదకి ఎక్కించింది అమ్మమ్మ అల్లిన గ్లాసు మూతనే, అరచేయంత ఉంటుంది. లేసుకి కొస దొరికితే చాలు, లాగితే చివరి కుట్టు నుంచి మొదటి కుట్టు దాకా జలజలా విడిపోతుంది. రాట్నం ఆ దారాన్ని కాంతి కింద నడిపించుకుంటూ చుట్టింది. చివర్నుంచి మొదటికి చదివినదాన్ని కంప్యూటర్ తిరగేసి వరసలో పెట్టింది. శాల పెద్ద తులసీరామ్ గారు, కెజియా చెవులు రిక్కించి కూర్చున్నారు. గరగరల మధ్యలోంచి ఉన్నట్టుండి ఒక గొంతు లేచింది.

"ఒసే విమలా! పాలు పొంగిపోతన్నాయే! ఎక్కడ చచ్చావే?"

తులసీరామ్ గారు పగలబడి నవ్వారు. ప్రపంచంలో నూలు పలికిన మొదటి మాట పాలు పొంగడం గురించా అని కుర్చీలో ఊగిపోయారు. కెజియా మాత్రం రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఆరేళ్ళయింది అమ్మమ్మ పోయి, ఆ గొంతు విని. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

ఏడుపు తగ్గి చూసేసరికి బల్ల మీద గ్లాసు మూత లేదు. ఇంత సాదా దారం మిగిలింది. రాట్నం లాగినప్పుడు మెలికలన్నీ సాపైపోతాయి. ఒకసారి విన్న లేసుని ఇంకోసారి వినడానికుండదు, చూడ్డానికీ ఉండదు. ఆ సంగతి ముందే తెలిసినా, కెజియా ఆ ఖాళీ చోటుని అరచేత్తో తడిమి చూసింది.

వారం తిరక్కుండానే ఆవిడ నరసాపురం వచ్చింది. బస్సు దిగి తిన్నగా షెడ్డుకి వెళ్ళింది. తిమోతి మావయ్య వేట పడవ ఇంజను మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఇంజన్ల రొద మధ్య గడిపిన చెవులు, పైగా ఏదో నరాల జబ్బు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది ఏడాదికి మించి పనిచెయ్యదని డాక్టరు చెప్పేశాడు. ఇంజను జబ్బు ఇప్పుడు ఆయన చేత్తోనే కనిపెడుతున్నాడు.

"మూడో సిలిండరు పట్టేస్తంది" అని పక్కనున్న పడవ సరంగుకి చెప్పి, కళ్ళు తెరిచి మేనకోడల్ని చూశాడు. "ఏటమ్మాయ్, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావ్? గట్టిగా చెప్పు మరి, నా సంగతి తెలుసుగా."

కెజియా గట్టిగానే చెప్పింది. రాట్నం సంగతి, పాల సంగతి అంతా విన్నాడు. పాల దగ్గర ఫక్కున నవ్వాడు. ఆ తరువాత గుడ్డపేలికతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడిచాడు.

"అమ్మాయ్, గుడిలో బల్ల మీద పరుస్తారే, అమ్మ అల్లిన పెద్ద గుడ్డ... అది అల్లుతూ అమ్మ ప్రార్థన చేసుకునేదా?"

"చేసుకునేది మావయ్యా. పెదాలు కదులుతూనే ఉండేవి. ఏమంటోందో ఎవరికీ వినపడేది కాదు."

"అందులో ఎక్కడైనా నా పేరుంటాదంటావా?"

యాభై ఏళ్ళ మనిషి, మూతి మీద మసి, ఆ ప్రశ్న అడిగి పిల్లాడిలా ఆవిడ మొహంలోకి చూశాడు. "ఆఖర్న చూడ్డానికెళ్తే అప్పటికే నోరు పడిపోయింది. అనాలనుకున్నా అనలేదు. ఈ చెవి పోయేలోపు ఒక్కసారి వింటే చాలమ్మాయ్. లేదని తెలిసినా సరే. తేలిపోద్ది."

ఆ గుడ్డ సంగతి చెప్పాలి. దీవెనమ్మకి చూసినదల్లా లేసులోకి వచ్చేసేది. పులస కూర తిన్నాక ముల్లు చెదరకుండా కడిగి పలక మీద ఆరబెట్టి, దాన్ని చూస్తూ ఓ డిజైను అల్లింది. ఆ పులస ముళ్ళ డిజైను ఏ దేశాల్లో ఎవరి కిటికీలకి వేలాడుతోందో ఆవిడకి తెలీదు, ఏదో దొరసాని పేరు పెట్టి అమ్మారట. దోసగింజ, తూనీగ రెక్క, వల కన్ను, ఏదీ ఆవిడ చెయ్యి తప్పించుకోలేదు. ముప్పై ఏళ్ళలో ఆవిడ పని ఒక్కటైనా వెనక్కి తిరిగి రాలేదు. అదంతా బతుకుతెరువు కోసం. దేవుడి కోసం అల్లింది మాత్రం ఆ బల్ల గుడ్డ ఒక్కటే. మధ్యలో రూపాయి బిళ్ళంత మొదలుపెట్టి, మూడు నెలలకొక చుట్టు చొప్పున పెంచుకుంటూ పోయింది. ఎనిమిది రేకుల పువ్వు. ముప్పై నాలుగేళ్ళు అల్లింది, నూట ముప్పై ఆరు చుట్లు. ప్రతి నెలా మొదటి ఆదివారం సూది గుచ్చి ఉండగానే తీసుకెళ్ళి ప్రభువు బల్ల మీద పరిచేది, ఆరాధన అవగానే ఇంటికి తెచ్చేసేది. "ఎప్పటికవుద్దే?" అని ఎవరైనా అడిగితే, "నాతోపాటు అవుద్దిలే" అనేది. అలాగే అయింది.

ఇప్పుడు దాన్ని ఉతికి, పల్చటి గంజి పెట్టి, నీడన ఆరేసే పని విమలది. సంఘ పెద్దలు విమల మాటకే వదిలేశారు. విమల దగ్గర ఆ మాట ఎత్తేసరికి ఆవిడ చేతిలో గంజి గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"విప్పుతావా? మీ అమ్మమ్మ చేతిపని విప్పుతావా? దానికోసమా నిన్ను అంత చదువు చదివించింది?"

"అమ్మా, మావయ్య కోసం..."

"మావయ్య చెవులు పోతున్నాయని నాకు తెలీదా? వాడు నాకు తమ్ముడు కాదా? అయితే మాత్రం! అమ్మ పోయింది. ఆవిడ గొంతు పోయింది. ఈ గుడ్డొకటి మిగిలితే దీన్ని కూడా దారం చేసి నా చేతిలో పెడతావా?"

రెండు రోజులు తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. మూడో రోజు పొద్దున విమల గుడ్డని నులకమంచం మీద పరిచి, అంచు వెంబడి వేలు నడుపుతూ ఏదో లెక్క వేసుకుంది. పిల్లప్పుడు తల్లి దగ్గరే నేర్చుకున్న పని, ఇప్పటికీ చేతిలో ఉంది. కూతుర్ని పిలిచి చెప్పింది. "సాయంత్రాలు కూర్చుంటే మూడ్రోజులకొక చుట్టు అల్లగలను. వచ్చే మొదటి ఆదివారానికి ఇంకా నెల పైనే ఉంది. పది చుట్లు. పదికి ఒక్కటి ఎక్కువ విప్పినా నీకూ నాకూ చెడుద్ది. అర్థమైందా?"

"అయిందమ్మా" అంది కెజియా. ఆ పదింటిలోనూ పేరు లేకపోతే ఎలా అన్న సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

తిమోతి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నూనె రాసుకుని, అక్కతో కలిసి రైలెక్కి విశాఖపట్నం వచ్చాడు. విమల గుడ్డని పాత పట్టుచీరలో చుట్టి ఒళ్ళోంచి దించకుండా తెచ్చింది. ఆఖరి చుట్టుకి తల్లి పోయాక తాను వేసిన ముడిని తానే విప్పింది. కొసని కెజియాకి అందించి, గోడకేసి తిరిగి కూర్చుంది.

రాట్నం మూడు గంటలపాటు తిరిగింది. పది చుట్లూ అయ్యాయి, మరో కుట్టు ఊడకుండా విమల లేచి వచ్చి సూది గుచ్చేసింది. కంప్యూటర్ అంతటినీ తిరగేసి, గరగరలు తీసేసి, వినడానికి అనువుగా కుదించి ఇచ్చింది. తిమోతి కుడి చెవికి వినికిడి గొట్టం అమర్చి, ధ్వని పూర్తిగా పెంచారు. విమలకీ కెజియాకీ వేరే గొట్టాలు.

దీవెనమ్మ గొంతు వచ్చింది. అలసిన గొంతు, ముసలి గొంతు, అయినా అదే గొంతు. తొందర లేదు. ఒక్కో మనిషిని ఒక్కో చిన్న వాక్యంతో తలుచుకుంటూ పోతోంది.

"ప్రభువా, సంఘాన్ని చూడు." కాసేపు కుట్ల చప్పుడు. "ప్రభువా, యాకోబుని చూడు." అది తాతయ్య. "ప్రభువా, విమలని చూడు." విమల కొంగు నోట్లో కుక్కుకుంది. "ప్రభువా, కెజియాని చూడు. దాని చదువు చూడు." తరువాత లేసు పనివాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు, చిట్టచివర "నన్ను చూడు". అక్కడికి చుట్టు పూర్తయి, మళ్ళీ సంఘం దగ్గర మొదలు. అదే వరస. పది చుట్లు, పదిసార్లు. జబ్బుపడ్డవాళ్ళలో ఎదురింటి కమలమ్మ మోకాలు కూడా ఉంది.

తిమోతి లేదు.

ఆయన చివరిదాకా విన్నాడు. గొట్టం తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "సరే" అన్నాడు. "అన్న మాట మీదే ఉంది మా అమ్మ. ఆయ్, ఆవిడ అంతే." నవ్వబోయాడు, కుదరలేదు. "కమలమ్మగారి మోకాలుంది గానీ..." అని ఆపేసి, గబగబా బయటి వరండాలోకి వెళ్ళిపోయాడు. విమల ఆయన వెనకాలే పరుగెత్తింది.

కెజియాకి తనమీద తనకే ఒళ్ళు మండింది. ఎందుకొచ్చిన యంత్రం? ఆయన అనుమానంతోనైనా హాయిగా ఉండేవాడు. ఏం చెయ్యాలో తోచక రాట్నం రాసిన గీతల్ని తెర మీద ముందుకీ వెనక్కీ జరిపింది. అప్పుడు లెక్క తేడా కనిపించింది. గుడ్డలో ఎనిమిది రేకులు. తలుచుకున్నది రేకుకి ఒకరి చొప్పున ఏడుగురిని. విమలకీ తనకీ మధ్య ఒక రేకు దారం పూర్తిగా ఉంది, మాటే లేదు.

అది చూశాక ఆవిడ నెత్తిన కొట్టుకుంది. వినేవాళ్ళకి విసుగు రాకూడదని, ఎక్కువసేపు మాట లేని చోటల్లా కత్తిరించెయ్యమని కంప్యూటర్‌కి చెప్పింది తనే. చెప్పింది చెప్పినట్టు అది నాలుగో రేకుని మొత్తం కత్తిరించి పారేసింది. నాలుగో రేకులో దీవెనమ్మ నోరు విప్పలేదు మరి.

కత్తిరించింది మళ్ళీ అతికించి, కెజియా ఒంటరిగా విన్నది. విమల రేకు అయిపోయింది. కుట్లు పడుతున్నాయి, ఒకటి, ఒకటి, ఒకటి. రేకు నడిమికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. మాట లేదు. ఊపిరి బిగపట్టిన మనిషి వేలి మీద దారం లాగి పట్టుకుని ఉంది, ఆ దారంలో గుండె కొట్టుకుంటోంది. కెజియా లెక్కపెట్టింది. నలభైసార్లు కొట్టుకుంది. తక్కిన ఎవరి దగ్గరా దీవెనమ్మ నాలుగు దెబ్బలకి మించి ఆగలేదు. అప్పుడు గట్టిగా ఒక నిట్టూర్పు, రెండు వదులు గొలుసు కుట్లు, మళ్ళీ మామూలు అల్లిక. రెండో చుట్టులో చూసింది. అదే చోట, అంతేసేపు. మూడోదాంట్లో, నాలుగోదాంట్లో, పదింటిలోనూ అంతే.

వదులు కుట్లు పడ్డ చోట లేసులో కన్నం మిగులుతుంది. అది తట్టగానే కెజియా దిగ్గున లేచి గుడ్డ దగ్గరికి వెళ్ళింది. నాలుగో రేకు నడుమ, బయటి అంచు నుంచి లోపలికి బారుగా చిన్న చిన్న కన్నాలు. ఈ కన్నాల వరస సంఘంలో తెలియనివాళ్ళు లేరు. "దీవెనమ్మక్క పాపిట" అని ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు. ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పు రాని చేతికి దేవుడి గుడ్డలోనే తప్పొచ్చింది, చూపు తగ్గిందనుకున్నారు. "పూడ్చమంటావా పిన్నీ?" అని ఎవరో అడిగితే, "ఆ చోటు జోలికి రాకండి" అని కసిరిందట. ముప్పై ఏళ్ళుగా దాన్ని చూడనిది ఒక్క తిమోతే. ఆయన ఆ గుడి గడప తొక్కలేదు.

కెజియా వరండాలోకి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"మావయ్యా, గొట్టం వద్దు. చెయ్యి ఇటివ్వు."

ఆయన చూపుడువేలిని నాలుగో రేకు అంచున ఆనించింది. "ఇది నీ రేకు. మా అమ్మ పక్కన నువ్వు, నీ పక్కన నేను. చుట్టంతా అందరి పేర్లూ పలుకుతూ వచ్చేది అమ్మమ్మ. ఇక్కడికి రాగానే ఆగిపోయేది. నీ పేరు అనకూడదు కదా, అందుకని అంతసేపూ నోరు మూసుకుని కూర్చునేది. నలభై గుండె దెబ్బలు, మావయ్యా! కమలమ్మ మోకాలికి రెండే! ఆ పేరు పట్టేంత చోటు గుడ్డలో వదిలేసి ముందుకెళ్ళేది. నువ్వు వినలేనిది ఇదీ. పట్టి చూడు."

అంత గట్టిగా అరిచి చెప్పేసరికి పక్కగదుల్లోవాళ్ళు కూడా తలలు బయటపెట్టారు. తిమోతి వేలు కన్నంలో ఆగింది. అక్కణ్ణుంచి కిందున్న కన్నంలోకి దిగింది. ఇంజను మీద చెయ్యి వేసినప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. ఒక్కొక్కటీ తడుముతూ, పెదాలతో లెక్కపెడుతూ, గుడ్డ నడిమికి జరిగాడు. డెబ్బై ఎనిమిది లెక్కపెట్టాడు. తరువాతి చుట్టులో వేలికి కన్నం తగల్లేదు. అంతా గట్టిగా, నిండుగా ఉంది.

"ఇక్కడ" అన్నాడు. "ఇక్కడ నేను ఇంటికొచ్చేశాను. పెట్టెతో."

తులసీరామ్ గారు కూడా అప్పటికి బల్ల దగ్గరికి వచ్చారు. చెడ్డ మనిషి కాదాయన, ఆత్రం మనిషి. "అయితే దీనికి లోపలున్న చుట్లలో పేరు ఉండి తీరాలి!" అన్నారు. "ఇంకో డెబ్బై తొమ్మిది చుట్లు విప్పితే వినిపిస్తుంది. కెజియా, ముప్పై ఏళ్ళనాటి గొంతమ్మా! ఇలాంటి నమూనా మనకి మళ్ళీ జన్మలో దొరకదు."

కెజియాకీ వినాలనే ఉంది. కొడుకు మీద కోపం రాకముందటి అమ్మమ్మ గొంతు ఆవిడెప్పుడూ వినలేదు.

విమల తమ్ముడి మొహం చూసింది. నాలుగు రోజుల క్రితం గంజి గిన్నె విసిరికొట్టినంత పని చేసిన మనిషి, కొంగుతో కళ్ళొత్తుకుని, "విప్పెయ్యవే" అంది. "పదీ లేదు, నా మొహమూ లేదు. వాడి పేరు వాడికి వినిపించు. మళ్ళీ మొత్తం నేనే అల్లుకుంటాను, చచ్చేలోపు అవ్వకపోతే నువ్వు అల్లుదువుగాని."

"కెజియా, సూది తియ్యనా?" అన్నారు తులసీరామ్ గారు.

తిమోతి ఆ మాట విన్నాడో లేదో గానీ, సూది వైపు వెళ్తున్న చెయ్యి చూశాడు. రెండు చేతులూ గుడ్డ మీద పరిచేశాడు.

"ఒద్దు సార్. ఒద్దక్కా." గొంతు గట్టిగా వచ్చింది, చెవి లేనివాళ్ళకి తమ గొంతు ఎంత గట్టిగా ఉందో తెలియదు. "కోపం లేనప్పుడు ఏ తల్లయినా కొడుకు పేరు తల్చుకుంటాది. అందులో ఇచిత్రం ఏముంది? కోపం వచ్చాక ఇరవై రెండేళ్ళు నాకోసం ఆగింది సూడండి, అదీ ఇది. అది విప్పేసి ఆ పేరు వినమంటారా? నాకక్కర్లేదు. నాకు తెలిసిపోయింది."

తులసీరామ్ గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుని, తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆ ఏడు రావలసిన పెద్ద నమూనా రాలేదని నివేదికలో రాసుకున్నారు. కెజియా రెండో పేజీలో ఇంకో వాక్యం చేర్చింది. మాట లేని చోటుని ఈ యంత్రం ఇకమీదట కత్తిరించదు అని.

పది చుట్లూ పోయిన మాట నిజం. వాటి దారం ఉండలా చుట్టి విమలకి ఇచ్చేశారు. దీవెనమ్మ ఆఖరి రెండున్నరేళ్ళ చేతిపని ఇప్పుడు ఉత్త నూలు. ఆ ఉండని చూసినప్పుడల్లా కెజియా గుండె కలుక్కుమంటూనే ఉంటుంది, వద్దనుకున్నా మానదు. ఆ దారంతోనే మళ్ళీ అల్లుతానని విమల పట్టుబట్టింది. కొత్త దారం ససేమిరా అంది.

నెల గడిచింది. మొదటి ఆదివారానికి ముందటి శనివారం కెజియా సెలవు పెట్టి నరసాపురం వచ్చేసరికి, మధ్యాహ్నపు ఎండ వరండా మెట్ల దాకా వచ్చి ఉంది. విమల చాప మీద కూర్చుని పదో చుట్టు అల్లుతోంది. కంటిజోడు ముక్కు చివరికి జారింది. పక్కనే ముక్కాలిపీట మీద తిమోతి, ఒళ్ళో దారపుండ పెట్టుకుని, దారాన్ని చూపుడువేలి మీదుగా అక్కకి వదులుతున్నాడు. షెడ్డు నుంచి రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటున్నాడట. ఇవాళ షెడ్డే మూసేసి వచ్చాడు.

"ఎలా ఉంది మావయ్యా?" అని కెజియా దగ్గరికెళ్ళి అరిచింది. ఆయన ఆవిడ పెదాల్ని చూసి నవ్వి, కుడి చెవి మీద వేలితో కొట్టి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. డాక్టరు ఏడాదన్నాడు గానీ నెలకే పోయింది.

కెజియా తల్లి పక్కన చతికిలబడింది.

"తొమ్మిది చుట్లకీ ఆ చోటు వదిలేశావా అమ్మా?"

"వదిలాను. అమ్మ వదిలినట్టే, రెండేసి కుట్లు. ఆ చోటికొచ్చేసరికి నా చెయ్యి కూడా దానంతటదే ఆగిపోతంది." విమల సూది ఆపకుండానే మాట్లాడుతోంది. మూడో రేకు అయిపోయింది. నాలుగోది మొదలైంది. "అదిగో, మళ్ళీ వచ్చింది."

రేకు నడిమిదాకా వచ్చి ఆవిడ చెయ్యి ఆగింది. దారం ఆవిడ వేలి మీదుగా తమ్ముడి వేలి దాకా బిగుతుగా ఉంది. తిమోతి వీధిలోకి చూస్తున్నాడు, ఎవరో వల భుజానేసుకుని పోతున్నారు. విమల కాసేపు అలాగే కూర్చుంది. కింద చుట్లన్నిటిలోనూ బారుగా దిగిపోయిన కన్నాల వైపు చూసింది.

"ఆడిన మాట అమ్మది" అంది, తనలో తను అనుకున్నట్టు. "నేనేం అనలేదుగా."

అని, రెండు వదులు కుట్లకి బదులు సూదిని కిందికి దింపి నిండు కుట్టు వేసింది. వేస్తూ తల్లిలాగే, పెదవి దాటీ దాటనట్టు, మూరెడు దూరంలో ఉన్న కెజియాకి కూడా సరిగా వినపడనంత నెమ్మదిగా అంది.

"ప్రభువా, తిమోతిని చూడు."

తిమోతి చటుక్కున వీధి వైపు నుంచి తల తిప్పాడు. వేలి మీద దారాన్ని చూశాడు, అక్క మొహం చూశాడు.

"ఏటక్కా, పిలిచావా?"

విమల తలూపి, సూదిని ఐదో రేకు వైపు నడిపించింది.